డిజైన్ అడిగితే ధర చెప్పారు

పెళ్లిళ్ల సీజన్ మొదలైందంటే విజయవాడ, గుడివాడ, మచిలీపట్నం వైపు ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులు మగ్గం వర్క్ ఫొటోలతో నిండిపోతాయి. ఒకావిడ సగం కుట్టిన జాకెట్టు చెయ్యి ఫొటో పెట్టి, జర్దోసీ పక్కన కట్ బీడ్స్ బాగుంటాయా, ముత్యాలా అని అడుగుతుంది. ఇంకొకావిడ ఫ్రేముకు గుడ్డ వదులవుతోందని వాపోతే, "చుట్టూ దారం ఇంకో వరస బిగించండి అక్కా" అని జవాబు వస్తుంది. అంతలో దబదబా చీరల ఫొటోలు దిగుతాయి. "సింగిల్స్ అవైలబుల్, ఫ్రీ షిప్పింగ్, ప్రైస్ కోసం ఇన్‌బాక్స్ ప్లీజ్." ముత్యాల ప్రశ్న ఎక్కడో పైకి వెళ్లిపోతుంది. అడిగినావిడ మళ్లీ అడగదు.

కుట్టు, అల్లిక, ముగ్గు, బొమ్మల కొలువు... ఏ సరదా మీద గ్రూపు కట్టినా కొన్నాళ్లకు ఈ తంతు తప్పడం లేదు. పని నేర్పేవాళ్లు మెల్లగా మౌనం దాలుస్తారు, అమ్మేవాళ్లు మిగులుతారు. చివరికి అమ్మేవాళ్లే ఒకరి ఫొటోలు ఒకరు చూసుకుంటూ ఉంటారు. దీనికి విసిగిపోయిన అడ్మిన్లు చాలామంది చేసే మొదటి పని, "ఇక్కడ అమ్మకాలు నిషేధం" అని గ్రూపు వివరాల్లో రాసిపెట్టడం. చూడ్డానికి న్యాయంగానే ఉంటుంది. కృష్ణా డెల్టాలో మాత్రం ఆ నిషేధం ముందుగా తగిలేది తప్పుచేసిన వాళ్లకు కాదు.

ఎందుకంటే ఇక్కడ చేతిపని చాలా ఇళ్లలో బతుకుతెరువు. విజయవాడ పక్కనే ఉన్న కొండపల్లిని తీసుకోండి. తెల్ల పొణికి కర్రను ఆరబెట్టి, తేమ పోయేదాకా సన్నటి సెగ మీద కాచి, చెక్కుతారు. చేతులు, తల, తొండం విడివిడిగా చేసి అతుకుతారు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో ఆ అతుకులను నునుపు చేస్తారు. దాని మీద సున్నపు పూత, ఆ పైన రంగులు. అంబారీ ఏనుగు, తాటిచెట్టెక్కే గీత కార్మికుడు, దశావతారాలు అన్నీ ఈ దారిలోనే వస్తాయి. ఇంత పని చేసిన మనిషి బొమ్మ ఫొటో పెట్టి, "ఇది ఎలా చేశామంటే" అని రెండు ముక్కలు రాసి, కింద ధర వేస్తే అది పాఠమా, ప్రకటనా? రెండూ. ధర తీసేయమంటే ఆయన పాఠం చెప్పడం కూడా మానేస్తాడు. ప్రధాని మోదీ 2020 ఆగస్టు 30న మన్ కీ బాత్‌లో కొండపల్లి పేరెత్తితే దాన్ని ప్రచారమని ఎవరూ తప్పుపట్టలేదు. అందరూ సంతోషించారు. బొమ్మ చేసినవాడే తన గురించి నోరు విప్పితే మాత్రం కొందరికి చిరాకు.

చేతిపనిని కాలక్షేపంగా చూసే అలవాటు ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. గోదావరి వైపు నర్సాపురం లేసు అల్లే స్త్రీల మీద జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ఒక పుస్తకమే వెలువరించారు. ఆ స్త్రీలు అల్లిన లేసు విదేశాలకు ఎగుమతయ్యేది. వాళ్లను మాత్రం అందరూ ఖాళీ సమయంలో ఏదో అల్లుకునే గృహిణులనే అనుకునేవారు. సరుకు బేరమూ ఎగుమతీ వ్యాపారుల చేతుల్లో ఉండేవి. అల్లేవాళ్లకు బజారు కనపడకపోతే లాభం ఎవరి జేబులోకి పోతుందో చెప్పడానికి ఆ పుస్తకం ఒక్కటి చాలు.

కాబట్టి అమ్మకాన్ని మొత్తంగా గెంటేయడం కంటే, అమ్మేది ఎవరో చూడటం మేలు. చేసినవాళ్లు చేసింది అమ్ముకోవడం ఒక రకం. విజయవాడ వస్త్రలత మార్కెట్లోనో సూరత్‌లోనో హోల్‌సేల్ ఫొటోలు తెచ్చి, తమకు తెలిసిన గ్రూపులన్నిటిలో ఒకేసారి దింపే రీసెల్లర్లది రెండో రకం. రీసెల్లింగ్ నేరమేమీ కాదు. 2015లో మొదలైన మీషో యాప్, ఇంట్లో కూర్చుని వాట్సాప్‌లో ఫొటోలు పంపి అమ్మే ఆడవాళ్ల అండతోనే ఎదిగింది. కాకపోతే దాని చోటు వేరు. అల్లిక నేర్చుకునే గ్రూపు అందుకు తగిన చోటు కాదు.

మూడో రకం అసలు ప్రకటనలా కనిపించదు. "మొన్న ఒక చోట పూసలు తెప్పించుకున్నానండీ, ఎంత బాగున్నాయో, నంబర్ కావాలంటే చెప్పండి" అని మామూలు సభ్యురాలిలా ఒకరు రాస్తారు. పది నిమిషాలకు ఇంకొకరు "నంబర్ ప్లీజ్" అంటారు. ఇద్దరూ ఆ షాపువాళ్లే. గ్రూపును నిజంగా దెబ్బతీసేది ఈ నాటకమే. ధర వేసి బాహాటంగా పెట్టిన ఫొటోను నచ్చకపోతే దాటేయొచ్చు. తోటి మనిషి సలహా అనుకున్నది అమ్మకమని తెలిశాక, ఇక ఎవరి సలహానూ నమ్మబుద్ధి కాదు.

చట్టం కూడా దీన్ని ఊరికే వదల్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం ఇంటర్నెట్‌లో చేసే ప్రచారం కూడా ప్రకటన కిందికే వస్తుంది. ఈ-కామర్స్ నియమాలు 2020లో వచ్చాయి. అమ్మేవాడు కొన్నవాడిలా నటించి రివ్యూలు రాయకూడదని వాటిలో ఉంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్ 9న తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. 2023 జనవరిలో సోషల్ మీడియాలో సరుకును మెచ్చుకునేవాళ్ల కోసం విడిగా సూచనలు వచ్చాయి. డబ్బే తీసుకోనక్కర్లేదు, సరుకు ఉచితంగా వచ్చినా, అమ్మేవాళ్లు చుట్టాలైనా ఆ సంబంధం చెప్పాలి. అది కూడా మెచ్చుకున్న భాషలోనే చెప్పాలి. తెలుగులో పొగిడి, చివర్లో ఎవరికీ అర్థంకాని ఇంగ్లీషు పొడి అక్షరాలు పెడితే సరిపోదు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. పూసలమ్మే చిన్న షాపు దాకా ఈ కొరడా రావడం అరుదే. అయినా గ్రూపులో రూలు పెట్టే అడ్మిన్‌కు దన్నుగా చూపించుకోవడానికి పనికొస్తుంది.

ప్రకటనల్లో మరో మోసం పేరుతో చేసేది. దానికి పెడన కంటే మంచి ఉదాహరణ దొరకదు.

మచిలీపట్నం పక్కనున్న పెడనలో కలంకారీ అంటే అచ్చుల అద్దకం. కలంతో గీసేది శ్రీకాళహస్తి పద్ధతి. పెడనలో ఉతికిన గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఎండబెడతారు. పాల జిడ్డు వల్ల రంగు పక్కకు పాకదు. తుప్పు ఇనుము, బెల్లం పులియబెట్టిన ద్రావణంతో నలుపు వస్తుంది. ఎరుపు రావాల్సిన చోట పటిక ద్రావణం అద్ది, రంగు చెక్కలు మరిగే కాగులో గుడ్డ వేస్తే అక్కడే ఎరుపు తేలుతుంది. మధ్యమధ్యలో కాలువ నీళ్లలో ఉతుకుతారు, ఎండబెడతారు, మళ్లీ అద్దుతారు. ఈ తీర రేవుల నుంచి వెళ్లిన అద్దకం బట్టకు యూరప్‌లో ఎంత గిరాకీ ఉండేదంటే, అక్కడి నేతగాళ్ల గోల భరించలేక 1686లో ఫ్రాన్స్, 1721లో బ్రిటన్ ఇలాంటి బట్టల మీద నిషేధాలు తెచ్చాయి. అంతకు మించిన ప్రకటన ఏముంటుంది!

ఇప్పుడు ఆ డిజైన్లనే స్క్రీన్ మీద, మిషన్ మీద గంటల్లో ముద్రించి "ప్యూర్ కలంకారీ" అని గ్రూపుల్లో పెడుతున్నారు. మచిలీపట్నం కలంకారీకి, కొండపల్లి బొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పేరును తప్పుగా వాడటం నేరం. అలాగని ప్రతి ఫొటో వెనక పోలీసు తిరగడు. చూసేవాళ్లే నాలుగు ప్రశ్నలు వేయాలి: ఏ ఊళ్లో అద్దారు? అచ్చా, స్క్రీనా? రంగులు చెక్కవా, కెమికలా? అద్దుతున్నప్పటి ఫొటో ఏమైనా ఉందా? చేత్తో అద్దిన గుడ్డలో అచ్చుకూ అచ్చుకూ మధ్య అతుకు అక్కడక్కడా కాస్త జరిగి కనిపిస్తుంది. గజాల కొద్దీ గీత తేడా లేకుండా ఉందంటే అనుమానించాల్సిందే. స్క్రీన్ ప్రింట్ చవకగా కావాలనుకుంటే నిక్షేపంగా కొనుక్కోవచ్చు, స్క్రీన్ ప్రింట్ అని చెప్పి అమ్మితే గొడవే లేదు.

చేతిపని అమ్మకాల్లో పేరున్న వెబ్‌సైట్ ఎట్సీ కూడా ఏది చేతిపని, ఏది కాదన్న ఈ ముడి విప్పడానికి తంటాలు పడింది. 2005లో మొదలైనప్పుడు అక్కడ కొత్త సరుకంటే చేత్తో చేసిందే. అమ్మకాలు పెరిగినవాళ్లు ఒంటిచేత్తో చేయలేకపోవడంతో, 2013లో బయటి తయారీదారుల సాయం తీసుకోవచ్చని నిబంధన సడలించారు. మొదటి నుంచి ఉన్న కళాకారుల్లో చాలామంది దానికి నొచ్చుకున్నారు. అల్లికల వాళ్ల వెబ్‌సైట్ రావెల్రీ ఇంకో దారి పట్టింది. ప్రకటనలు తీసుకుంటుంది గానీ ఊలుకూ అల్లికకూ సంబంధించినవే.

మన గ్రూపులకు పెద్ద యంత్రాంగం అక్కర్లేదు. కొన్ని చోట్ల వారంలో ఒక రోజు అమ్మకాలకు వదిలి, మిగతా రోజులు పని గురించే మాట్లాడుకుంటున్నారు. అమ్మకాలకు పక్కన ఇంకో గ్రూపు తెరిచినవాళ్లూ ఉన్నారు. ఏది ఎంచుకున్నా రెండు షరతులు బాగా పనిచేస్తాయి. ధర అందరి ముందూ వేయాలి, ఇన్‌బాక్స్‌లో కాదు. వస్తువుతో పాటు అది తయారవుతున్నప్పటి ఫొటో ఒకటి పెట్టాలి. చేసేవాళ్లకు ఆ ఫొటో తీయడం క్షణం పని, ఫార్వర్డ్ చేసేవాళ్ల దగ్గర అది ఉండదు. 2022 నుంచి అడ్మిన్ ఎవరి మెసేజ్‌నైనా అందరికీ కనపడకుండా తీసేయగలుగుతున్నారు కాబట్టి అమలు కష్టమేమీ కాదు. సభ్యులు పెట్టే ప్రతిదానికీ తామే జైలుకెళ్లాలేమోనని భయపడే అడ్మిన్లకు ఒక ఊరట: సభ్యుల అభ్యంతరకర పోస్టుకు, అడ్మిన్ అయినంత మాత్రాన బాధ్యత ఉండదని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది.

అయితే అడ్మిన్‌కు కూడా ఒక అద్దం అవసరం. అందరి అమ్మకాలూ ఆపి, తన మగ్గం వర్క్ క్లాసుల ఫీజు మాత్రం వారం వారం పైన పిన్ చేసే అడ్మిన్లు ఉన్నారు. క్లాసులు పెట్టుకోవచ్చు, డబ్బూ తీసుకోవచ్చు. ఆ సంగతి గ్రూపులో చేర్చుకునేటప్పుడే చెప్పాలి, అందరి మీదా రుద్దిన రూలు తన మీదా పెట్టుకోవాలి.

ఏదైనా కొని మోసపోయారనుకుంటే గ్రూపులో పోట్లాడి వెళ్లిపోకండి. ప్రకటన, ధర, డబ్బు పంపిన రసీదుల స్క్రీన్‌షాట్లు దాచి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులోనూ మాట్లాడవచ్చు.