మూత విప్పితే తెలిసే ల్యాప్‌టాప్

పదో తరగతి పాసై వచ్చిన ఊరి పిల్లల చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చి, పాఠాలన్నీ అందులోనే చెప్పాలి. 2008లో పుట్టిన ఆర్‌జీయూకేటీ అనే విశ్వవిద్యాలయం మొదటి ఆలోచన ఇది. బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ట్రిపుల్ ఐటీలు తెరిచారు. ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్‌రెడ్డి అప్పట్లో కులపతిగా ఉండేవారు. 2016లో జిల్లాలు మారాక బాసర నిర్మల్ జిల్లాలోకి వచ్చింది. 2022 జూన్‌లో అక్కడి విద్యార్థులు ఎండకూ వానకూ వెరవకుండా గేటు దగ్గర కూర్చున్నప్పుడు, అడిగినవాటిలో ల్యాప్‌టాప్ కూడా ఉంది. ఆ డిసెంబరులో జరిగిన స్నాతకోత్సవంలో అప్పటి ఐటీ మంత్రి కేటీఆర్ వాటిని పంపిణీ చేశారు.

బాసరలో కోర్సు ఆరేళ్లు. రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్. ఒక్క మెషీన్ ఆరేళ్లూ నడవాలంటే దాన్ని విప్పగలగాలి, భాగాలు మార్చగలగాలి. సరిగ్గా ఈ లెక్కతోనే తయారయ్యేవి బిజినెస్ ల్యాప్‌టాప్‌లు: లెనోవో థింక్‌ప్యాడ్, డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలీట్‌బుక్. థింక్‌ప్యాడ్‌ను 1992లో మొదలుపెట్టింది ఐబీఎం. 2005లో అది లెనోవో చేతికి వచ్చింది.

వీటిని కొత్తగా కొనేది ఎక్కువగా పెద్ద కంపెనీలే. మూడు నాలుగేళ్లు వాడి ఒకేసారి వదిలించుకుంటాయి. వాటిని దులిపి, తుడిచి, రీఫర్బిష్డ్ పేరుతో మళ్లీ అమ్మకానికి పెడతారు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అంటే అందరూ సీటీసీ అనే ఆ బిల్డింగు, ఇలాంటి వాటికి పెట్టింది పేరు. నిర్మల్ నుంచి హైదరాబాద్ రెండొందల కిలోమీటర్ల పైచిలుకు. కొన్నది మర్నాడు మొరాయిస్తే బస్సెక్కి పోవాల్సిందే. అందుకే చూసుకోవాల్సినవేవో కౌంటర్ దగ్గరే చూసుకోవాలి.

మొట్టమొదట చూడాల్సింది బయోస్, అంటే విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల తెర. ఆన్ చేయగానే థింక్‌ప్యాడ్‌లో ఎఫ్1, డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10 నొక్కితే అది తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ అడిగిందంటే ఆ కంపెనీ పెట్టిన తాళం ఇంకా తీయలేదన్నమాట. థింక్‌ప్యాడ్ సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ మరిచిపోతే మదర్‌బోర్డు మార్చడమే దారి అంటుంది లెనోవో. ఎంత చవకగా ఇస్తానన్నా అలాంటిది ముట్టుకోకపోవడమే మంచిది.

రెండోది ప్రాసెసర్. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరందో ఆపైదో అయి ఉండాలి. కాబట్టి ‘ఐ7’ అన్న స్టిక్కర్ చూసి పొంగిపోనక్కర్లేదు. ఆరో తరం ఐ7 కన్నా ఎనిమిదో తరం ఐ5 ఇవాళ అక్కరకొస్తుంది. 2018లో వచ్చిన థింక్‌ప్యాడ్ టీ480, లాటిట్యూడ్ 7490, ఎలీట్‌బుక్ 840 జీ5 చాలావరకు ఈ గీతకు ఇవతలివే.

మూడోది బ్యాటరీ. విండోస్‌లోనే బ్యాటరీ రిపోర్ట్ తీయొచ్చు. అందులో కంపెనీ ఇచ్చిన కెపాసిటీ ఒక అంకె, ఇప్పుడు నిండా చార్జ్ చేస్తే పట్టేది ఇంకో అంకె. మొదటిది 50, రెండోది 25 ఉంటే సగం ప్రాణం పోయినట్టే. లిథియం బ్యాటరీకి ఎండే శత్రువు. మే నెలలో 45 డిగ్రీలు చూసే నిర్మల్‌లో కారు డిక్కీలో ల్యాప్‌టాప్ వదిలేస్తే దాని ఆయుష్షును చేజేతులా తగ్గించినట్టే.

ఇక రిపేరు షాపుల్లో రోజూ వినపడే మాట ఒకటుంది. “అన్నా, బాగ స్లో అయితున్నది, ఫార్మాట్ కొట్టియ్యి.” ఫార్మాట్ కొడితే నాలుగు రోజులు హాయిగా ఉంటుంది, తర్వాత మళ్లీ అదే కథ. చాలాసార్లు తప్పు విండోస్‌ది కాదు, లోపల గిర్రున తిరిగే పాత హార్డ్ డిస్క్‌ది. దాని స్థానంలో ఎస్ఎస్‌డీ వేస్తే ట్యాలీ, బ్రౌజర్ తెరిచేటప్పుడే తేడా కనిపిస్తుంది. ర్యామ్ సంగతి ఆ తర్వాత. జీఎస్టీ రిటర్నులు, ఎక్సెల్, పది ట్యాబ్‌లు ఒకేసారి నడిపేవాళ్లకు 8 జీబీ ఇరుకవుతుంది, 16 ఉంటే ఊపిరాడుతుంది. ఎస్ఎస్‌డీ కొనేముందు స్లాట్ చూసుకోవాలి. ఎం.2 ఆకారం ఒకటే అయినా సాటా వేరు, ఎన్‌వీఎంఈ వేరు. ఒకదానికి బదులు ఇంకోటి తెస్తే మెషీన్ దాన్ని గుర్తించకపోవచ్చు.

విప్పడం భయపడినంత పని కాదు. టీ480నే తీసుకుంటే, దానికి రెండు బ్యాటరీలు: బయటిది లాగితే వచ్చేస్తుంది, లోపలిదాన్ని బయోస్‌లోకి పోయి డిసేబుల్ చేయాలి. అప్పుడు అడుగు స్క్రూలు వదులు చేయాలి. అవి ఊడి కింద పడవు, మూతకే అంటిపెట్టుకుని ఉంటాయి. గోళ్లతో కాకుండా పాత ఏటీఎం కార్డు అంచుతో చుట్టూ లేపితే టక్ టక్‌మంటూ మూత వదులుతుంది. ఎదురుగా రెండు ర్యామ్ స్లాట్లు, పక్కన ఫ్యాన్. ఫ్యాన్ వెనక రేకుల మధ్య దుమ్ము పట్టిందంటే వేడి బయటికి పోదు, ప్రాసెసర్ తనంతట తానే నెమ్మదిస్తుంది. ‘స్లో’కు అది కూడా ఒక కారణం. ఏ స్క్రూ ఎక్కడిదో బొమ్మలతో చూపే సర్వీస్ మాన్యువల్‌ను మూడు కంపెనీలూ ఉచితంగానే పెడతాయి. చదివేవాళ్లే తక్కువ.

అసలు ఆన్ కాకపోతే? చార్జర్ తీసేసి పవర్ బటన్‌ను ముప్పై సెకన్లు నొక్కి పట్టి, మళ్లీ చార్జర్ పెట్టి చూడాలి. మిగిలిపోయిన కరెంటు వదిలిపోయి చాలా మెషీన్లు లేస్తాయి. లాటిట్యూడ్‌లో స్క్రీన్ నల్లగా ఉండి చిన్న లైటు రెండుసార్లు పసుపుగా, మూడుసార్లు తెల్లగా వెలిగితే ర్యామ్ అందడం లేదని అర్థం. దాన్ని తీసి, తుడిచి, గట్టిగా కూర్చోబెడితే సరిపోవచ్చు. ఈ సంగతి తెలియకుండా షాపుకు వెళ్లినవాళ్లు మదర్‌బోర్డు పోయిందన్న కబురు వినాల్సి వచ్చినా ఆశ్చర్యం లేదు.

చార్జర్ విషయంలో పిసినారితనం పనికిరాదు. పాత డెల్ గుండ్రటి పిన్ మధ్యలో సన్నటి సూది ఉంటుంది. ‘నేను 65 వాట్లు ఇవ్వగలను’ అని ల్యాప్‌టాప్‌కు చెప్పేది అదే. అది వంగినా, చార్జర్ నకిలీదైనా బ్యాటరీ ఎక్కకపోవచ్చు, స్పీడూ పడిపోవచ్చు. ఇంకో ఫిర్యాదు: చార్జింగ్‌లో ఉన్నప్పుడు ఇనుప బాడీ మీద చెయ్యి పెడితే జిల్లుమనడం. అది చాలావరకు ల్యాప్‌టాప్ తప్పు కాదు, ఇంట్లో ఎర్తింగ్ లేకపోవడమో, మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల అడాప్టర్‌లో గుచ్చడమో.

రిపేరుకు ఇచ్చేముందు బిట్‌లాకర్, అంటే డిస్క్‌కు విండోస్ వేసే తాళం, సంగతి తేల్చుకోవాలి. బోర్డు మార్చినా, కొన్నిసార్లు బయోస్ అప్‌డేట్ చేసినా, నీలి తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి ఉంటే అది సాధారణంగా ఆ అకౌంట్‌లో దొరుకుతుంది. ఎక్కడా దాచుకోకపోతే మాత్రం షాపువాడు కాదు కదా, మైక్రోసాఫ్ట్ కూడా ఫైళ్లు తెరవలేదు.

కొత్తది కొనేవాళ్లకు మాత్రం బిజినెస్ అన్న పేరొక్కటే భరోసా కాదు. సన్నబడాలన్న పోటీలో థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్ లాంటి వాటిలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేశారు. కొన్ననాడు ఎంతుంటే అంతే. దీనికి భిన్నంగా 2024లో లెనోవో, ఐఫిక్సిట్ అనే అమెరికా రిపేరు సంస్థ సలహాతో టీ14 జెన్ 5ను తెచ్చింది. అందులో ర్యామ్, ఎస్ఎస్‌డీ, బ్యాటరీ మూడూ మార్చుకోవచ్చు. ఐఫిక్సిట్ దానికి పదికి తొమ్మిది మార్కులు వేసింది. డబ్బు కట్టేముందు అమ్మేవాడిని అడగాల్సింది ఒకటే: ర్యామ్ స్లాట్‌లో ఉందా, బోర్డుకు అతికించి ఉందా?