పడుగూ పేకా

శ్రావణ పౌర్ణమి నాడు మా షోలాపూరులో మార్కండేయ మహాముని రథం కదిలిందంటే తెలుగు పేటలన్నీ వీధిలోనే ఉంటాయి. ఆ జనాన్ని చూసినప్పుడల్లా "ఎంత ఐకమత్యం!" అని పొంగిపోయేవాణ్ణి. ఐకమత్యమంటే నలుగురూ ఒకచోట చేరడమేనా?

ఫ్రాన్సు దేశపు సామాజిక శాస్త్రవేత్త ఎమిల్ దుర్ఖైమ్ (1858–1917) ఈ విషయాన్నే లోతుగా ఆలోచించాడు. 1893లో వెలువడిన తన శ్రమ విభజన గ్రంథంలో సంఘీభావం రెండు రకాలన్నాడు. అందరిదీ ఒకే పని, ఒకే నమ్మకం, ఒకే ఆచారం అయినచోట పుట్టేది యాంత్రిక సంఘీభావం. ఎవరి పని వారిదే అయినా ఒకరు లేనిదే మరొకరికి గడవని చోట పుట్టేది సావయవ సంఘీభావం. శరీరంలో కన్నూ, చెయ్యీ, గుండే వేరువేరుగా ఉంటూనే ఒకదానికొకటి ఆధారమైనట్లన్నమాట.

మొదటి రకాన్ని నేను కళ్లారా చూశాను. తెలంగాణ నుంచి తరాల క్రితం వలస వచ్చిన నేత కుటుంబాలు మావి. మా బాపు పోయిననాడు వీధిలో ఒక్క మగ్గం ఆడలేదు. ఆ రోజు కూలి పోయిందని ఎవరూ అనలేదు. మా ఇంట పొయ్యి వెలగని రోజుల్లో ఇరుగుపొరుగు వంతులవారీగా అన్నం తెచ్చిపెట్టారు.

కాని అదే వీధి మా మేనత్తను వెలివేసింది. ఆమె మరాఠీ అతన్ని పెళ్లాడింది. తోడబుట్టినవాణ్ణి కడసారి చూడాలని వస్తే గడప దాటనివ్వలేదు. వీధి చివర నిలబడి ఏడ్చి వెళ్లిపోయింది. గుమ్మంలో అడ్డు నిలిచినవాళ్లలో పదహారేళ్ల నేనూ ఉన్నాను.

పోలిక మీద నిలిచిన సమాజంలో వేరుగా నడవడమే నేరమవుతుందనీ, అక్కడి కట్టుబాటు ప్రధానంగా శిక్షించేదనీ దుర్ఖైమ్ అంటాడు. పనులు వేరైన కొద్దీ, జరిగిన నష్టాన్ని సరిదిద్దే చట్టాలు పెరుగుతాయంటాడు.

మా అవ్వ మంచం పట్టేనాటికి వీధి మారిపోయింది. పిల్లలు పూణేలో, హైదరాబాదులో ఉద్యోగాల్లో ఉన్నారు. "మన ఐకమత్యం పోయింది" అని నొచ్చుకున్నాను. కాని పక్కింటి నర్సు రోజూ వచ్చి ఇంజెక్షన్ ఇచ్చేది. అర్ధరాత్రి ఆసుపత్రికి చేర్చింది ఎదురింటి మరాఠీ ఆటో డ్రైవరు. అక్కడ రాత్రంతా అవ్వ పక్కన కూర్చున్నది మేనత్త కూతురు. ఎవరూ పిలవలేదు, తనే వచ్చింది. ఆమె ముందు నేను తల ఎత్తలేకపోయాను.

పనులు వేరైనంత మాత్రాన సంఘీభావం దానంతట అదే రాదు. నియమాలు కొరవడితే మనుషులు దిక్కుతోచనివారవుతారనీ, బలవంతంగా నెత్తిన రుద్దిన శ్రమ విభజన మనుషుల్ని కలపదనీ దుర్ఖైమే హెచ్చరించాడు. న్యాయం ఉండాలి.

మన సంఘాలు ఉగాది జరపాలి, పిల్లలకు తెలుగు నేర్పాలి. అది పడుగు. ఎంత బిగించి కట్టినా పడుగు ఒక్కటే బట్ట కాదు, అడ్డంగా పేక పడాలి. నేతగాని కొడుకునై ఉండీ ఈ సంగతి ఆలస్యంగా గ్రహించాను.

ఈ ఏడు రథోత్సవం నాడు మేనత్త ఇంటివారందరినీ మా ఇంటికి భోజనానికి పిలిచాను. మీ వీధి చివర నిలబడిపోయినవారెవరో మీకు తెలిసే ఉంటుంది.