అడవి చదువు: అయ్యేదెంత, వచ్చేదెంత?

ఎప్‌సెట్ ర్యాంకులు వచ్చాయంటే ఆదివారం అనుబంధంలో కోర్సుల మీద ఒక కథనం పడాల్సిందే. ఈసారి ఎడిటర్ గారు ఫోన్ చేసి, "కంప్యూటర్లు వద్దు, మెడిసిన్ వద్దు. అడవి, నీరు, నేల... వాటి మీద డిగ్రీలున్నాయి కదా. పెట్టింది తిరిగొస్తుందో లేదో తేల్చండి. గురువారం సాయంత్రానికల్లా కాపీ పంపాలి" అన్నారు. మెదక్‌లో ఉంటున్నందుకు ఈ పని నా మెడకు చుట్టుకుంది. పట్టణానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో పోచారం అభయారణ్యం. పాత మెదక్ జిల్లాలోనే, గజ్వేల్ దగ్గరి ములుగులో, రాష్ట్రంలోనే మొదటి ఫారెస్ట్ కాలేజీ. ఇక తప్పించుకునే దారేది?

నా పక్షపాతం ముందే చెప్పేస్తాను. చలికాలంలో పోచారం చెరువు మీద వాలే వలస బాతులను చూసినవాళ్లకు ఈ చదువు మీద ఇష్టం పుట్టకుండా ఉండదు. ఇష్టంతో బ్యాంకు వాయిదాలు కట్టలేం, అది వేరే సంగతి. రాందాస్ చౌరస్తా దగ్గర, బైపీసీ చదివిన కూతురి సర్టిఫికెట్లు పట్టుకుని నిలబడ్డ ఒక తండ్రి నన్నడిగిందీ అదే. "చెట్ల సదువు సదివితే ఏం కొలువొస్తది సారూ? ఎన్నేండ్లకొస్తది?"

మొదటి ప్రశ్నకు జవాబు ఏ కాలేజీ బ్రోచర్‌లోనైనా ఉంటుంది. ఈ కథనమంతా ఆయన రెండో ప్రశ్న గురించే.

నోటిఫికేషన్‌లో ఒక్క వరుస

కాలేజీ కరపత్రాలన్నీ ఒకే తీరు: పచ్చటి బొమ్మలు, "ఉజ్వల భవిష్యత్తు". నాకు పనికొచ్చిన కాగితాలు వేరే ఉన్నాయి. 2017లో టీఎస్‌పీఎస్సీ ఇచ్చిన అటవీ శాఖ నోటిఫికేషన్లు. ఆ ఏడాది ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్లు 67, సెక్షన్ ఆఫీసర్లు 90, బీట్ ఆఫీసర్లు 1,857. కింద అంత జనం, పైన గుప్పెడు మంది.

రేంజ్ ఆఫీసర్ పోస్టుకు ఏం చదివి ఉండాలన్న చోట ఆగి చదవండి. వ్యవసాయం, వృక్షశాస్త్రం, రసాయన శాస్త్రం, కంప్యూటర్ సైన్స్, ఇంజినీరింగ్ (సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ కూడా), పర్యావరణ శాస్త్రం, ఫారెస్ట్రీ, భూగర్భ శాస్త్రం, ఉద్యానం, గణితం, భౌతికం, స్టాటిస్టిక్స్, పశువైద్యం, జంతుశాస్త్రం. ఇంగ్లిష్ అక్షర క్రమంలో మధ్యలో ఎక్కడో ఫారెస్ట్రీ. నాలుగేళ్లు అడవిలోనే పెరిగినవాడికీ, లేతు మిషన్ ముందు పెరిగిన మెకానికల్ కుర్రాడికీ ఆ వరుసలో ఒకటే విలువ. కోచింగ్ సెంటర్‌లో జనరల్ స్టడీస్ బట్టీ పట్టినవాడు, చెట్టు మొదలు చూసి వయసు చెప్పగలిగినవాణ్ని దాటి పోవచ్చు. నాకు మింగుడుపడని వరుస ఇదే.

ఇంకో సంగతి. బీట్ ఆఫీసర్‌కు ఇంటర్ పాసైతే చాలు.

ఇద్దరు దోస్తుల లెక్క

ఇక్కడే కాగితం, పెన్ను తీసుకున్నాను. 2020 వేతన సవరణ (పీఆర్‌సీ) ప్రకారం బీట్ ఆఫీసర్ మూలవేతనం 24,280 రూపాయల దగ్గర మొదలవుతుంది. రేంజ్ ఆఫీసర్‌ది 45,960. కరువు భత్యం, ఇంటి అద్దె పక్కన పెడదాం. లెక్క తేలిగ్గా ఉంటుంది.

మెదక్ జూనియర్ కాలేజీలో ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరు దోస్తులను ఊహించుకోండి. ఒకడికి ఇంటర్ అయ్యీ కాగానే బీట్ ఆఫీసర్ కొలువు దొరికింది. ఏడాదికి మూలవేతనమే 2,91,360. నాలుగేళ్లకు 11,65,440. ఇంక్రిమెంట్లు కూడా కలపలేదు. రెండోవాడు ఆ నాలుగేళ్లూ ఫారెస్ట్రీ డిగ్రీ చదివాడు. సంపాదన సున్నా. హాస్టల్, మెస్సు, పుస్తకాలు, ఫీల్డ్ టూర్ల ఖర్చు అదనం.

డిగ్రీ చేతికొచ్చిన మర్నాడే వాడు రేంజ్ ఆఫీసరయ్యాడనుకుందాం. మొదటివాడి కంటే నెలకు 21,680 ఎక్కువ, ఏడాదికి 2,60,160. ముందున్న 11.65 లక్షలను అందుకోవడానికి నాలుగున్నరేళ్లు పడుతుంది. అంటే పద్దెనిమిదేళ్లకు మొదలైన పరుగు ఇరవై ఆరో ఏట, ఇరవై ఏడో ఏట సమమవుతుంది. ఆ తర్వాతంతా లాభమే. చెడ్డ బేరమేం కాదు.

అసలు చిక్కు ఆ "మర్నాడే" దగ్గర. కొలువు ఒక ఏడాది ఆలస్యమైతే దోస్తు ఇంకో 2,91,360 ముందుకు పోతాడు. దాన్ని పూడ్చడానికి పదమూడు నెలలకు పైనే సర్వీసు కావాలి. మూడేళ్లు హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్ గదుల్లో నోటిఫికేషన్ కోసం కూర్చుంటే, సమమయ్యే వయసు దాదాపు ముప్పై మూడుకు చేరుతుంది. ఈ ఖర్చుకు ఎవరూ రసీదు ఇవ్వరు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా రాదు.

బీట్ ఆఫీసర్ పోస్టూ ఏటా పడదు, నిజమే. కానీ 1,857కూ 67కూ ఉన్న తేడా ఉండనే ఉంది.

సగం కోటా, ఎందులో సగం?

ఫారెస్ట్రీ చదివినవాళ్లనూ మిగతావాళ్లనూ ఒకే గాటన కట్టే అన్యాయం ప్రభుత్వానికీ కనబడింది. నేరుగా భర్తీ చేసే అసిస్టెంట్ కన్జర్వేటర్ పోస్టుల్లో 25 శాతం, రేంజ్ ఆఫీసర్ పోస్టుల్లో 50 శాతం ఫారెస్ట్రీ పట్టభద్రులకే ఇవ్వాలని 2022లో నిర్ణయం జరిగింది. మంచి పనే. అయితే 2017 సంఖ్యనే తీసుకున్నా 67లో సగం 33. ఒక చిన్న తరగతి గది. ములుగు కాలేజీలో 2016లో చేరిన మొదటి బ్యాచ్ 2020లో బయటికొచ్చింది. ఆ తర్వాత ఏటా ఒక బ్యాచ్. వాటా ఎంతన్నది బాగానే ఉంది. వడ్డన ఎప్పుడన్నదే ప్రశ్న. ఈ కాలేజీని యూనివర్సిటీ చేసే బిల్లుకు 2022 సెప్టెంబర్‌లో శాసనసభ ఆమోదం దొరికింది, ఆపైన రాజ్‌భవన్‌లో ఆగింది. సర్కారు కాగితం నడక ఎలా ఉంటుందో దీన్నిబట్టి పిల్లలు ముందే నేర్చుకోవచ్చు.

ఢిల్లీ దారి ఒకటుంది. యూపీఎస్సీ ఏటా తప్పకుండా పెట్టే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ (ఐఎఫ్ఎస్) పరీక్ష. 2022 నుంచి 2024 దాకా దేశమంతటికీ ఏటా సుమారు 150 పోస్టులు. మొదటి మూలవేతనం 56,100. ప్రిలిమ్స్ సివిల్స్‌తో కలిపే ఉంటుంది. మెయిన్స్‌లో రెండు ఆప్షనల్స్. ఫారెస్ట్రీ తీసుకుంటే దానికి తోడు వ్యవసాయం తీసుకోనివ్వరు, ఈ మెలిక చాలామంది ఆలస్యంగా తెలుసుకుంటారు. వృక్షశాస్త్రమో భూగర్భ శాస్త్రమో మొదటి ఏడాది నుంచే చదువుకోవడం మేలు.

ప్రైవేటు వైపు చూస్తే భద్రాచలం దగ్గర సారపాకలో ఐటీసీ కాగితపు మిల్లు, దానికోసం రైతులు వేసే జామాయిల్, సుబాబుల్ తోటలు, నర్సరీలు. ఎంబీఏ చేయాలనుకుంటే భోపాల్‌లో 1982 నుంచి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారెస్ట్ మేనేజ్‌మెంట్ (ఐఐఎఫ్ఎం) ఉంది. దారులున్నాయి గానీ రహదారులు కావు.

గబగబా చరిత్ర

ఈ చదువు మన దాకా ఎలా వచ్చిందో, స్థలం తక్కువ కాబట్టి ఒక్క ఊపులో: 1864లో బ్రాండిస్ అనే జర్మన్ చేతుల మీదుగా బ్రిటిష్ వాళ్ల అటవీ శాఖ, 1878లో డెహ్రాడూన్ అటవీ పాఠశాల, 1966లో ఐఎఫ్ఎస్, 1980ల్లో వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో ఫారెస్ట్రీ డిగ్రీ, తమిళనాడు మెట్టుపాళయం కాలేజీ, ఆ నమూనాలో 2016లో దూలపల్లిలో తాత్కాలికంగా మొదలై 2019 డిసెంబర్ 11న ములుగు ప్రాంగణానికి చేరిన మన కాలేజీ.

రసీదు లేని ఇంకో ఖర్చు

జీతం పట్టికలో రాయనిది ఒకటుంది. 2019 జూన్‌లో కాగజ్‌నగర్ దగ్గర సార్సాలలో మొక్కలు నాటించడానికి వెళ్లిన రేంజ్ ఆఫీసర్ అనితను కర్రలతో కొట్టారు. 2022 నవంబర్ 22న చంద్రుగొండ మండలంలో రేంజ్ ఆఫీసర్ శ్రీనివాసరావును పోడు గొడవలో చంపేశారు. తుపాకీ లేని యూనిఫాం అది. పోడు రైతుది ఆకలి, ఆఫీసర్‌ది డ్యూటీ. ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టిన విధానం మాత్రం ఆ గట్టున ఉండదు. కూతురిని ఈ చదువుకు పంపే తల్లిదండ్రులకు ఈ మాట చెప్పకపోవడం మోసం.

*బాక్స్: ఏ ములుగు?*
ఫారెస్ట్ కాలేజీ ఉన్నది సిద్దిపేట జిల్లా ములుగు, రాజీవ్ రహదారి మీద. కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం కూడా ఈ ములుగే. సమ్మక్క సారక్క గిరిజన విశ్వవిద్యాలయం ఉన్నది వరంగల్ అవతలి ములుగు జిల్లాలో. కౌన్సెలింగ్ రోజు బస్సెక్కే ముందు చూసుకోండి.

*బాక్స్: కాళ్ల పరీక్ష*
ఈ కొలువులకు రాత పరీక్ష గట్టెక్కితే చాలదు. మగపిల్లలు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు నడవాలి. రాందాస్ చౌరస్తాలో బయల్దేరి పోచారం చెరువు ముట్టుకుని, సగానికి పైగా వెనక్కి వచ్చేంత దూరం. ఐఎఫ్ఎస్‌కు ఆడపిల్లలైతే అదే నాలుగు గంటల్లో 14 కిలోమీటర్లు.

తేల్చమన్నారు కాబట్టి

ప్రభుత్వ కాలేజీలో సీటు, ఫీజు రీయింబర్స్‌మెంట్, డిగ్రీ తర్వాత రెండేళ్లు ఇంటి మీద ఆధారపడగల వీలు... ఈ మూడూ ఉంటే చేరండి. ఐఎఫ్ఎస్‌ను మొదటి గురిగా, రేంజ్ ఆఫీసర్‌ను రెండోదిగా పెట్టుకోండి. పక్క రాష్ట్రంలో లక్షలు పోసి ప్రైవేటు యూనివర్సిటీలో ఇదే డిగ్రీ కొనాలనుకుంటే మాత్రం వద్దు, పై లెక్క దానికి ఒప్పుకోదు. చేరే ముందు ఏ కాలేజీ వాళ్లనైనా ఒకటే అడగండి: నిరుటి బ్యాచ్‌లో ఎంతమందికి కొలువొచ్చింది, డిగ్రీ అయిన ఎన్ని నెలలకు? కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వకపోతే అక్కడ ఫీజు కట్టకండి.