పోపులపెట్టె పెద్దదైతే కంప్యూటర్ పరిగెడుతుందా?

మా చౌక్తడాలో ఈ మధ్య ఇద్దరు ముగ్గురు అక్కలు ఒకటే అడిగారు. పిల్లాడు ఎక్స్‌త్రీడీ ప్రాసెసర్ ఉన్న కంప్యూటరే కావాలంటున్నాడు, అంత డబ్బు పెట్టొచ్చా అని.

పొయ్యి పక్కన పోపులపెట్టె ఉంటుంది కదా, ప్రాసెసర్‌కి క్యాష్ మెమరీ అలాంటిది. (మన పర్సులో క్యాష్ కాదండోయ్!) ర్యామ్ అంటే సామాన్ల గది. ఆవాలకోసం ప్రతిసారీ ఆ గదికి పరిగెత్తితే నూనె మాడిపోతుంది. అయితే క్యాష్‌కి చిప్‌లో చోటు చాలా పడుతుంది, ఖరీదూ ఎక్కువే. అందుకే ఏఎండీ వాళ్లు డబ్బా మీద డబ్బాలా ప్రాసెసర్ మీద ఇంకో క్యాష్ చిప్ పేర్చారు. అదే తరం 5800ఎక్స్‌లో 32 ఎంబీ ఉంటే, 2022 ఏప్రిల్‌లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్‌త్రీడీలో 96 ఎంబీ. గేముల్లో సగటున 15 శాతం వేగం పెరుగుతుందని కంపెనీ మాట. కానీ పైన చిప్ కూర్చుంటే కింది వేడి బయటికి పోదు. గరిష్ఠ వేగం 4.7 నుంచి 4.5 గిగాహెర్ట్జ్‌కి తగ్గించాల్సి వచ్చింది. 2024 నవంబర్‌లో వచ్చిన 9800ఎక్స్‌త్రీడీలో క్యాష్‌ని అడుక్కి దించారు, ఆ ఇబ్బంది చాలావరకు తీరింది.

ఇదంతా గేములకి బాగుంది. ఆన్‌లైన్ క్లాసుకి, అమ్మమ్మతో వీడియో కాల్‌కి తేడా తెలియదు. నన్నడిగితే ఆ డబ్బుతో 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, మన కరెంటు కోతలకి ఒక యూపీఎస్ వస్తాయి. పిల్లాడు ఇంజనీరింగ్‌లో సిమ్యులేషన్లు చేస్తుంటే మాత్రం మాట వేరు. ఏ సాఫ్ట్‌వేరో అడిగి తెలుసుకున్నాకే డబ్బు పంపండి.