సర్జ్ ప్రొటెక్టరు: మంచిదాని నెంచుకొను విధము

వేసవి తుదను ఈదురుగాలులతో వానలు పడునప్పుడు గ్రామములందు టెలివిజనులు, ఇంటర్నెట్ పెట్టెలు, సెల్‌ఫోను చార్జర్లు చెడిపోవుట రైతుసోదరు లెల్లరు నెఱిగినదే. పంటసొమ్ముతో కొనిన వస్తువు రెప్పపాటులో పాడగుట చిన్న నష్టము కాదు. 2018వ సంవత్సరము ఏప్రిల్ 24వ తేదీని ఆంధ్రప్రదేశములో 13 గంటల వ్యవధిలో 36 వేలకు పైగా పిడుగులు పడినట్లు ప్రభుత్వ సంస్థ లెక్కించినది. కావున రక్షణసాధనములను గూర్చి తెలిసికొనుట మన కావశ్యకము.

తెగులు తెలియక మందు కొట్టరాదు. విద్యుత్తువలన గలుగు హాని ముఖ్యముగా రెండు విధములు. మొదటిది క్షణికమైన పోటు. లైను చెంత పిడుగు పడినప్పుడు వేలకొలది వోల్టులు సెకనులో లక్షవ వంతు ప్రమాణమైన కాలములో తీగవెంట వచ్చిపోవును. రెండవది నిలుకడగల హెచ్చు వోల్టేజి. మన యిండ్లకు రావలసినది 230 వోల్టులు. న్యూట్రల్ తీగ తెగినచో అది 400 వోల్టుల వఱకు పెరిగి, లైను బాగుచేయువఱకు నట్లే నిలువవచ్చును.

సర్జ్ ప్రొటెక్టరు మొదటి దానికి మాత్రమే మందు. రెండవదానికి, వోల్టేజి హద్దు దాటగనే సరఫరా నాపివేయు కటాఫ్ గల స్టెబిలైజరు వేఱుగా కావలెను. ఈ భేద మెఱుగక యొకదానిని కొని రెండవదాని ఫలము నాశించువారు పెక్కుమంది.

ఈ సాధనములో జింకు ఆక్సైడుతో చేసిన బిళ్ల యుండును. దీనిని వారిస్టరు అందురు. చెరువునకు అలుగు ఎట్టిదో వైరింగునకు ఇది యట్టిది. నీరు మట్టములో నున్నంతవఱకు అలుగు పాఱదు. మట్టము మించినప్పుడు అదనపు నీటిని వాగులోనికి వదలి కట్టను కాపాడును. అలుగు క్రింద వాగు పూడిపోయినచో నేమగునో, ఇంటికి సరియైన ఎర్తింగు లేనిచో నదే యగును. కావున కొనుటకు ముందే ఎలక్ట్రీషియనుచే ఎర్తింగు పరీక్ష చేయించుకొనవలెను. వేసవిలో ఎర్త్ గుంతకు నీరు పోయుచుండవలెను. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విఱుగగొట్టరాదు.

కొనునప్పుడు చూడవలసిన సంగతు లివి:

1. స్విచ్చులు మాత్రముగల ఎక్స్‌టెన్షన్ బోర్డు సర్జ్ ప్రొటెక్టరు కాదు. పెట్టెపై జౌళ్ల లెక్క గాని, కిలో ఆంపియర్ల లెక్క గాని లేనిదానిని కొనరాదు. ఈ యంకె యెంత హెచ్చైన నంత మంచిది.

2. ప్రొటెక్షన్ లెవెల్ అను వోల్టేజి యెంత తక్కువైన నంత మేలు. సున్నితమైన పరికరములకు 1500 వోల్టులకు మించరాదు.

3. ఎడతెగక భరింపగల వోల్టేజి సాధారణముగా 275 అని యుండును. తఱచు వోల్టేజి పెరుగు గ్రామములలో 320 గలది యెక్కువకాలము మన్నును.

4. లోపల వేడికి తెగు ఫ్యూజు ఉండవలెను. హెచ్చు వోల్టేజి నిలిచినచో బిళ్ల కాలి నిప్పు పుట్టవచ్చును.

5. రక్షణను సూచించు దీప ముండవలెను. ప్రతి పోటునకును బిళ్ల కొంత యరుగును. ఈ దీప మాఱినపిదప బోర్డు కరెంటు నిచ్చుచున్నను రక్షణ యుండదు; దానిని మార్చవలెను.

6. సామాన్యమైన 6 ఆంపియర్ల బోర్డునకు హీటరు, నీటి మోటారు తగిలింపరాదు.

ఇంటి కంతకును రక్షణ కోరువారు మీటరు బోర్డు వద్ద టైప్ 2 అను సాధనమును ఎలక్ట్రీషియనుచే బిగింపించుకొని, టెలివిజను వద్ద చిన్నదానిని వాడవచ్చును. డిష్ కేబులు వెంట గూడ పోటు వచ్చును గనుక దానిని మఱువరాదు.

ఎంత విలువగల సాధనమైనను ఇంటిపై నేరుగా పడిన పిడుగు నాపజాలదు. మబ్బు క్రమ్మగనే, ఉఱుములు వినబడకమున్నే, ప్లగ్గులను, డిష్ కేబులును ఊడదీయుట అన్నిటికంటె చౌకయైన రక్షణ. ఉఱుము లారంభించిన పిదప వానిని తాకరాదు. వస్తువుకంటె ప్రాణము ముఖ్యము.

ఒక వీధి సభ్యులు కలిసి యొకేదినమున ఎలక్ట్రీషియనును పిలిపించి ఎర్తింగు లన్నియు పరీక్ష చేయించుకొనినచో కూలి పంచుకొనవచ్చును. తొలకరికి ముందు విత్తనములు సిద్ధపఱచుకొనునట్లే యీ పనియు ముగించుకొనుట మేలు.