మినికాయ్: ఊరికి ఇద్దరు పెద్దలున్న దీవి

కేరళ తీరానికి పశ్చిమంగా, కొచ్చి నుండి సుమారు 400 కిలోమీటర్ల దూరాన, అరేబియా సముద్రంలో నెలవంకను పోలిన ఒక దీవి ఉంది. లక్షదీవులలో దక్షిణపు కొసన ఉన్న ఆ దీవి పేరు మినికాయ్. అక్కడి ప్రజలు దానిని ‘మలికు’ అంటారు. వైశాల్యం ఐదు చదరపు కిలోమీటర్లకు మించదు. 2011 లెక్కల ప్రకారం జనాభా 10,447. దాదాపు అందరూ ముస్లిములే. ఇంత చిన్న సమాజం తన వ్యవహారాలను తరతరాలుగా చక్కదిద్దుకొన్న తీరు తెలుసుకోదగినది.

దూరపు పాలకులు

మినికాయ్‌ని మిగిలిన లక్షదీవుల నుండి 9 డిగ్రీల ఛానెల్, మాల్దీవుల నుండి 8 డిగ్రీల ఛానెల్ వేరుచేస్తాయి. ఇతర దీవులలో మలయాళం మాట్లాడతారు. మినికాయ్ వాసుల మహల్ భాష మాత్రం మాల్దీవుల దివేహికి చెందినది. దాని తానా లిపిని అరబీ వలె కుడి నుండి ఎడమకు వ్రాస్తారు.

ఈ దీవి చిరకాలం కణ్ణూరులోని అరక్కల్ ముస్లిం రాజవంశం ఏలుబడిలో ఉండేది. ఆ వంశంలో స్త్రీలు కూడా సింహాసనం అధిష్ఠించి ‘బీవీ’లుగా పాలించారు. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకంలో దీవి పూర్తిగా ఆంగ్లేయుల వశమైంది. వారు 1885లో నిర్మించిన దీపస్తంభం ఇప్పటికీ నౌకలకు దారి చూపుతూనే ఉంది. ఆ తరువాత ఈ దీవులు మద్రాసు పాలనలో ఉన్నాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు మన కోస్తా, రాయలసీమ జిల్లాలకూ, ఈ దీవులకూ రాజధాని ఒకటే. 1956 నవంబరు 1న లక్షదీవులు కేంద్రపాలిత ప్రాంతమయ్యాయి.

పాలకులెవరైనా వారు సముద్రానికి ఆవలనే ఉన్నారు. బావి పూడిక తీయాలన్నా, పడవను ఒడ్డుకు లాగాలన్నా, అనాథను ఆదుకోవాలన్నా దీవివారు ఒకరినొకరు పిలుచుకోవలసిందే. ఆ అవసరం నుండే ఒక కట్టుబాటు రూపుదిద్దుకొంది.

బొడుకాకా, బొడుతాతా

జనావాసం పదకొండు ఊళ్లుగా ఏర్పడి ఉంది. ఒక్కొక్క ఊరిని ‘అవహ్’ అంటారు. ప్రతి ఊరికీ ఊరివారు ఎన్నుకొన్న పెద్ద ఒకరు ఉంటారు, ఆయన బొడుకాకా. ఆయనతోపాటు స్త్రీల పనులను నిర్వహించడానికి ఎన్నుకోబడిన పెద్ద మరొకరు; ఆమె బొడుతాతా. ఆమె బొడుకాకా భార్య అయినందువల్ల ఆ స్థానం పొందినది కాదు, స్వయంగా బాధ్యత గలది.

ఊరి పనులు అందరికీ పంచబడతాయి. శుభ్రత, పెళ్లి, చావు, విందు, పడవల నిర్వహణ – దేనికైనా పిలుపు అందితే ఇంటింటి నుండి మనిషి వెళ్లాలి. ఊరి సొమ్ముగా ఉండే ‘జహధోని’ అనే రంగురంగుల పొడవాటి పడవ ఆ ఊరి గౌరవానికి చిహ్నం. ఈ ఊళ్ల పరిశుభ్రతను చూసినవారు మెచ్చుకోకుండా ఉండలేరు.

స్త్రీలకు ఈ స్థానం లభించడానికి కారణం జీవనోపాధిలో కనిపిస్తుంది. ఇక్కడి పురుషులలో చాలామంది నావికులు. సరకు నౌకలలో నెలల తరబడి ప్రపంచమంతా తిరుగుతారు. ఉన్నవారు ట్యూనా వేటకు వెళతారు. మన తీరంలో సూర అనే చేప అదే. వల వేయరు. బ్రతికివున్న చిరుచేపలను ఎరగా చల్లి, గాలపు కర్రలతో ఒక్కొక్క చేపనే పైకి లాగుతారు. దానిని ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి ‘మాస్‌మిన్’ తయారుచేస్తారు. మగవారు సముద్రం మీద ఉన్నంతకాలం ఊరిని నిలిపేది స్త్రీలే. ఇల్లు తల్లి నుండి కుమార్తెకు సంక్రమిస్తుంది. భర్తే భార్య ఇంటికి వస్తాడు.

మచ్చలేని గతం కాదు

అయితే అంతా ఆదర్శమే అనుకోరాదు. ఓడల యజమానులైన మాణిక్‌ఫాన్‌లు మొదలుకొని కొబ్బరిచెట్లు ఎక్కే రావేరీల వరకు ఈ సమాజం హెచ్చుతగ్గుల వర్గాలుగా చీలి ఉండేది. ఒకే సఫ్‌లో భుజం కలిపి నమాజు చేసేవారే మస్జిద్ బయట పుట్టుకను బట్టి పని పంచుకొన్నారు. ఇస్లాం బోధించే సమానత్వానికీ, ఆచారానికీ మధ్య ఉన్న ఈ అంతరాన్ని దాచిపెట్టి దీవిని పొగడటం న్యాయం కాదు. విద్య, ఉద్యోగాలు ఆ గోడలను చాలావరకు బలహీనపరచాయి. ఈ దీవిలోనే జన్మించి, బడి చదువు కొద్దిపాటిదే అయినా సముద్ర పరిశోధకునిగా పేరొందిన అలీ మాణిక్‌ఫాన్‌కు 2021లో పద్మశ్రీ లభించింది.

పంచాయతీల కాలం

1994 నాటి నిబంధనల ద్వారా లక్షదీవులలో పంచాయతీ వ్యవస్థ ప్రవేశించింది. పది దీవులకు పది పంచాయతీలు, వాటిపైన ఒక జిల్లా పంచాయతీ. ఈ ప్రాంతానికి శాసనసభ లేదు. లోక్‌సభలో ఒక్క స్థానం మాత్రమే ఉంది. కనుక స్థానికుల మాట చెల్లే చోటు పంచాయతీయేగా ఉండేది. 2021లో విద్య, ఆరోగ్యం, మత్స్య, వ్యవసాయ, పశుసంవర్ధక శాఖలను జిల్లా పంచాయతీ నుండి తప్పించి పరిపాలన యంత్రాంగం తన చేతిలోకి తీసుకొంది. ఇద్దరికి మించి సంతానం ఉన్నవారు పంచాయతీ ఎన్నికలలో పోటీ చేయరాదన్న ముసాయిదా కూడా అప్పుడే వెలువడింది. దీవుల ప్రజలు తీవ్రంగా నిరసించారు. పొరుగున ఉన్న కేరళ శాసనసభ వారికి మద్దతుగా ఏకగ్రీవ తీర్మానం చేసింది.

ఆ నిరసనలో ఉన్న బాధ శాఖల గురించి మాత్రమే కాదు. చేపల రేవు ఎక్కడ ఉండాలో, ఆసుపత్రిలో ఏమి కొరవడిందో అక్కడ నివసించేవారికే బాగా తెలుసు. వారిని అడగకుండా చేసే మేలు కూడా వారికి పరాయిదిగానే తోస్తుంది.

పరస్పర సంప్రదింపు, అంటే షూరా, విశ్వాసుల లక్షణమని మనం తరచుగా వింటాము. మినికాయ్ ప్రజలు దానికి దైనందిన రూపమిచ్చారు. స్త్రీల పనులకు స్త్రీలు ఎన్నుకొన్న పెద్ద, ఊరి పనికి ఇంటింటి నుండి మనిషి – ఈ రెండింటికీ పెద్ద ధనం అక్కరలేదు, చట్టమూ అక్కరలేదు. మన మొహల్లాలలో మస్జిద్ కమిటీలున్నాయి, జకాత్ నిధులున్నాయి. వితంతువు ఇంటి కష్టం, ఆడపిల్ల చదువు ఆగిపోయిన వైనం ముందుగా తెలిసేది ఇరుగుపొరుగు స్త్రీలకే. ఆ సంగతులు నిర్ణయాలు జరిగే చోటికి ఎవరి ద్వారా చేరుతున్నాయి? వచ్చే సమావేశంలో ఈ ప్రశ్నను చర్చకు పెట్టడం ప్రతి కుటుంబానికీ సాధ్యమే.