చలిరాత్రి బండిలో వెచ్చదనము

జర్మనీ, స్వీడను, నార్వే వంటి శీతలదేశములలో పడకలు, వంటపొయ్యి అమర్చిన వానులలో కుటుంబములతో విహారయాత్రలు చేయు అలవాటు కలదు. ఇట్టి బండిని క్యాంపర్ వాను అందురు. బండి నడచునంతసేపు ఇంజను వేడిమి లోపలికి వచ్చును. రాత్రి ఇంజను ఆపినంతనే ఆ వేడిమి నిలిచిపోవును. రేకుగోడల బండి శీఘ్రముగా చల్లబడును. 1950లో తయారీ మొదలైన ఫోక్స్‌వాగన్ వాను యజమానులకును ఈ చిక్కు తెలిసినదే. ఇంజనుతో నిమిత్తము లేకుండ వెచ్చదనము నిచ్చు చిన్న యంత్రమే డీజిల్ హీటరు. జర్మనీలోని ఎబర్‌స్పెషర్, వెబాస్టో సంస్థలు వీని తయారీలో పేరొందినవి. నేడు అనేకులు విడిభాగములు కొని తామే బిగించుకొనుచున్నారు. ఆ పనిలో ప్రాణములకు సంబంధించిన సూత్రమొకటి కలదు. దానినే ఇచ్చట వివరింపదలచితిమి.

ఈ హీటరులో రెండు గాలులు నడచును. మొదటిది నిప్పుగాలి. అది బండి అడుగునుండి గొట్టముద్వారా వచ్చి, డీజిలును మండించి, పొగయై మరియొక గొట్టముద్వారా బయటికే పోవును. రెండవది గదిగాలి. బండిలోని చల్లగాలిని పంకా లోనికి లాగి, మంటచుట్టునున్న అల్యూమినియపు గోడమీదుగా పంపి, వెచ్చగా బయటికి విడుచును. ఆ గోడను వేడిమి మాత్రమే దాటును, గాలి దాటరాదు. బిగించు పని యావత్తు ఈ రెండు గాలులను వేరుగా నుంచుటకే యని గ్రహింపవలెను.

అవి కలిసిన నేమగును? పొగలో కార్బన్ మోనాక్సైడు అను విషవాయు వుండును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబిను ఆక్సిజనుకంటె 200 రెట్లకు పైగా గట్టిగా దానిని పట్టుకొనును. తలనొప్పి, వికారము, మగత కలుగును. ప్రయాణపు బడలిక యనుకొని నిద్రించువారు మరల లేవకపోవచ్చును. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి నుంచుకొని పడుకొనరాదని మన పెద్దలు హెచ్చరించుట ఇందువలననే.

కనుక హీటరును లోపల ఆసనము క్రింద నుంచినను, పొగగొట్టము, నిప్పుగాలి గొట్టము, డీజిలు గొట్టము నేరుగా నేలరేకును దాటి క్రిందికి దిగవలెను. రేకునకు, హీటరునకు నడుమ గాస్కెట్టు సందులేకుండ కూర్చుండవలెను. పొగగొట్టపు అతుకు ఒక్కటియు బండిలోపల నుండరాదు. గొట్టము క్రిందికి వాలియుండి, మిక్కిలి పల్లమైన చోట నీరు కారిపోవుటకు చిన్న రంధ్రము కలిగియుండవలెను. పొగ వెడలు చోటు నిప్పుగాలి తీసికొను చోటికి దూరముగా నుండవలెను. కిటికీలనుండి, గాలిద్వారములనుండి పొగ లోనికి రాకుండునట్లు గొట్టపు కొన నమర్పవలెనని ఐక్యరాజ్యసమితి వాహన నియమములలో 122వది కూడ విధించుచున్నది.

ఇక డీజిలు సంగతి. 2 కిలోవాట్ల హీటరు పూర్తిగా మండునపుడు గంటకు సుమారు పావులీటరు త్రాగును. టాంకులోనికి దించు గొట్టము అడుగును తాకరాదు. అట్లయిన హీటరు ఎంతసేపు మండినను బండి నడచుటకు కొంత డీజిలు మిగులును. పంపును దాని పైమూతి ఎత్తుగా నుండునట్లు ఏటవాలుగా బిగించిన గాలిబుడగలు నిలువవు. వెలిగించునపుడు గ్లో ప్లగ్గు బ్యాటరీనుండి అధికముగా విద్యుత్తును లాగును. వైరు సన్నమైనచో వోల్టేజి పడిపోయి మంట అంటుకొనదు. ఆర్పిన తరువాత లోపలి వేడిమిని వెడలగొట్టుటకు పంకా కొన్ని నిమిషములు తిరుగును. అది ఆగకముందే బ్యాటరీ తీగను తొలగింపరాదు. ఎల్లప్పుడు సన్నని మంటమీదనే నడపిన మసి పట్టును గనుక అప్పుడప్పుడు పూర్తివేడిమిలో కొంతసేపు మండనీయవలెను.

ఎంత చక్కగా బిగించినను అతుకులు కాలక్రమమున వదులగును. ఏటేట చలికాలమునకు ముందు వానిని పరీక్షింపవలెను. మంచు కురిసిన రాత్రి బండిచుట్టు మంచు పేరుకొనిన, పొగ క్రిందనే నిలిచి సందులగుండ లోనికి ప్రాకును. కావున పొగగొట్టపు కొనచుట్టు మంచును తొలగించి పిదప హీటరు వెలిగింపవలెను. పడకదగ్గర కార్బన్ మోనాక్సైడు అలారము తప్పనిసరి. అది మ్రోగినచో కారణము వెదకుచు కూర్చుండరాదు. పిల్లలను, పెద్దలను లేపి అందరును వెంటనే బయటికి రావలెను, వైద్యసహాయము కోరవలెను. ఆ రాత్రి చలిలో కొంతసేపు నిలువవలసివచ్చినను నష్టము లేదు.